పదకొండు కుప్పలు

అయిదో పేరు నాది. అంటే నేను చదవాల్సింది. మొత్తం ఏడు పేర్లు, చదివేవాళ్ళం ఏడుగురం, ఒక్కో పేరు అయ్యాక ఆ బాకా పట్టుకున్న పెద్దాయన నాలుగు స్వరాలు ఊదుతాడు, అందరం తలలు వంచుకుంటాం, తలలెత్తాక ఇంకో పేరు. ఇదంతా హోఫ్‌మన్ మాస్టారు నిమిషాలతో సహా కాగితం మీద వేసి పంచారు. పదకొండింటికి మొదలు, పన్నెండింటికి ముగింపు, ఆపైన ఫైరింజన్ షెడ్డులో కాఫీ, ప్లమ్ కేకు. కేకు మోనికా చేసింది. మోనికా నా పక్క కుర్చీలోనే ఉంది, నా కూతురు అక్షయ ఆమె ఒళ్ళో కూచుంది, మోనికా మొగుడు యోర్గ్ ఇక్కడికి రెండు వందల అడుగుల దూరంలో, ఆ ఆకుపచ్చ కంచె అవతల, నిరుడు సెప్టెంబరులో చచ్చిపోయాడు. చంపింది నేను. ఈ తడి కుర్చీల్లో కూచున్న అరవైమందిలో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

నేనొక్కదాన్నే చంపాననుకుంటే అదీ గొప్పలకి పోవడమే. సగం పని ఎనభై ఏళ్ళ కిందటే అయిపోయింది. 1944 నవంబరులో కాలుతూ వచ్చి ఈ జర్మన్ ఊరి పొలంలో కూలిన ఇంగ్లండు బాంబరు విమానంలో ఏడుగురు కుర్రాళ్ళున్నారు, వాళ్ళకే ఈ కొత్త రాయి, ఈ దండలు, ఇంగ్లండు నుంచి వచ్చి ముందు వరసలో కూచున్న ఆ పొడుగు కోట్ల ముసలి దంపతులు. నాకొచ్చిన పేరు సార్జెంట్ లెస్లీ పిక్‌ఫర్డ్, వయసు ఇరవై ఒకటి. విమానం ముక్కులో బోర్లా పడుకుని కిందికి చూస్తూ ఎడమకి, ఇంకొంచెం ఎడమకి, అలాగే ఉండు అని పైలట్‌కి చెప్పి మీట నొక్కేవాడు. మాస్టారు కావాలని ఇచ్చింది కాదు, అక్షరాల వరసలో పంచితే నాకు ఇతను తగిలాడు. ఆ రాత్రి ఊరి మీదుగా ఎన్ని విమానాలు పోయాయో, పేలకుండా నేలలోకి దిగిన ఆ ఒక్క బాంబు ఎవరి మీట నొక్కితే పడిందో ఎవరూ చెప్పలేరు. అయినా నా మనసు దాన్ని పిక్‌ఫర్డ్ నెత్తినే వేసేసింది. ఎవరో ఒకరు జోడు ఉండాలి కదా, ఇలాంటి పనికి. అతను మొదలుపెట్టాడు, నేను ముగించాను.

మోనికా అక్షయ టోపీని చెవుల మీదికి లాగింది. "చలేస్తోందా?" అని నన్నడిగింది. లేదన్నాను. ఇద్దరి మోకాళ్ళ మీదికీ వచ్చేలా తన దుప్పటి కొంగు నా మీదికి జరిపింది. వద్దు మోనికా, ఇలాంటివి చెయ్యకు. పొగమంచు పొలం మీదనుంచి లేవనే లేదు, అవతల గట్టున చెట్లు సగం దాకానే ఉన్నాయి, గాలికి మైకు గరగరమంటోంది. పాస్టరు గొంతు సవరించుకుంటున్నాడు. ఈ ఊళ్ళో పన్నెండు ఇళ్ళు కాలిపోయాయట ఆ రాత్రి, ఒక్క నేలమాళిగలోనే తొమ్మిది శవాలు దొరికాయట, వాళ్ళ పేర్లు చర్చి గోడ మీద ఎప్పటినుంచో ఉన్నాయి. ఈ ఏడుగురి పేర్లకి మాత్రం ఎనభై ఏళ్ళు పట్టింది. మాస్టారు పదేళ్ళు తిరిగాడు దీనికోసం. మా ఇళ్ళు కాల్చినవాళ్ళకి మేం రాయి పెట్టాలా అని సగం ఊరు ఆయనతో మాట్లాడటం మానేసిందని మోనికాయే చెప్పింది.

నా ఉద్యోగం కూడా పైనుంచి కిందికి చూడటమే. కాకపోతే పిక్‌ఫర్డ్ లాగా గడ్డకట్టే చలిలో కాదు, డ్యూసెల్‌డార్ఫ్‌లో హీటరు పక్కన, కాఫీ కప్పుతో. ఈ దేశంలో ఎక్కడ గడ్డపార వెయ్యాలన్నా ముందు యుద్ధం నాటి ఫోటోలు చూడాలి. బాంబులు వేసినవాళ్ళే తరవాత మళ్ళీ వచ్చి, ఎంత పాడుచేశామో చూసుకోవడానికి పైనుంచి ఫోటోలు తీసుకున్నారు; అవే ఇప్పుడు పాడైపోయినవాళ్ళ మనవలకి పనికొస్తున్నాయి. పేలిన బాంబు పెద్ద గుంట చేస్తుంది, అది కళ్ళు లేనివాడికైనా కనిపిస్తుంది. పేలనిది భూమిలోకి దూరిపోతుంది, పైన చిన్న బొక్క మిగులుతుంది, ఫోటోలో ఆవగింజంత. ఆ ఆవగింజని పట్టుకోవడం మా పని. చేరిన మొదటి రోజే మా యజమాని బ్రాంట్ గారు ఒక సూత్రం చెప్పారు: నీడ నీ వైపు పడేలా ఫోటోని తిప్పుకో, లేకపోతే కన్ను మోసం చేస్తుంది, గుంట కుప్పలా కనబడుతుంది, కుప్ప గుంటలా కనబడుతుంది. నేను నవ్వి తల ఊపాను. ఎమ్మెస్సీలో ఇదంతా చదువుకునే వచ్చాను, జనగామ దగ్గరి పల్లె నుంచి ఇంతదూరం వచ్చినదాన్ని, నాకు సూత్రాలు కొత్తా.

బాకా. మొదటి పేరు అయిపోయింది, నేను వినలేదు. చదివింది ఎల్‌ఫ్రీడె. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, చక్రాల కుర్చీలోనుంచి లేవనని మైకు తన దగ్గరికే తెప్పించుకుంది. పేరు చదివి ఊరుకోవాలి, కానీ ఆవిడ ఊరుకునే రకం కాదు. "విమానం పడిన మర్నాడు పొద్దున మా అమ్మ నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది," అంటోంది. "నాకు ఎనిమిదేళ్ళు. ఈ కుర్రాళ్ళ కాళ్ళకి మంచి ఉన్ని మేజోళ్ళున్నాయి. అమ్మ అవి ఊడదీసింది. ఆ చలికాలమంతా నేనూ మా తమ్ముడూ అవే తొడుక్కున్నాం. ఎవరి మేజోళ్ళో తెలియదు, అందుకే ఏ పేరు ఇచ్చినా చదువుతానన్నాను." పాస్టరు నేల చూపులు చూస్తున్నాడు. ఇంగ్లండు దంపతులకి ఎవరో చెవిలో తర్జుమా చేస్తున్నారు, పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఎల్‌ఫ్రీడె మీద అసూయగా ఉంది. ఎనభై ఏళ్ళు మోసి, ఒక్క నిమిషంలో దించేసి, మైకు ఇచ్చేసి, ముక్కు తుడుచుకుంటోంది.

నేను పద్నాలుగు నెలలే మోశాను. అందులోనూ పదమూడు నెలలు మూటలో ఏముందో విప్పి చూడలేదు. మూట సంగతి చెప్పాలంటే ఆ శుక్రవారం గురించి చెప్పాలి, ఉద్యోగంలో చేరి మూడో నెల, మధ్యాహ్నం మూడైంది, అందరూ ఇళ్ళకి పోయే తొందరలో ఉన్నారు, నా ముందు ఈ ఊరి పొలం, 1945 మార్చి నాటి ఫోటో. కొత్త ఇళ్ళు కడతారట, మురుగు పైపులకి కాలవ తవ్వాలట. పొలం మధ్యలో తిన్నగా ఒక వరస చుక్కలు. పదకొండు. చిన్నవి, ముదురు రంగువి, నీడలున్నవి. చూడగానే గుండె ఝల్లుమంది, అనుమానంతో కాదు, సంతోషంతో. పెంటకుప్పలు! దుక్కికి ముందు మా నాయిన బండి మీద పెంట తోలి పొలంలో వరసగా కుప్పలు పోసేవాడు, బండి పోతూ ఉంటే వెనకనుంచి పారతో లాగేవాడు, కుప్పకీ కుప్పకీ మధ్య కొలిచినట్టు ఒకటే దూరం. డాబా ఎక్కి చూస్తే అచ్చం ఇలాగే ఉండేది. మార్చి నెల, దున్నకముందు, ఇక్కడి రైతు కూడా అదే పని చేశాడు. ఇక్కడి పట్నం పిల్లలెవరికైనా తెలుస్తుందా ఇది? నాకు తెలుసు. రాశాను: పొలంలో ఎరువు కుప్పలు, వరస, అనుమానించడానికి ఏమీ లేదు.

ప్రతి ఫోటోనీ ఇద్దరు చూడాలని మాకు నియమం. రెండో కన్ను బ్రాంట్ గారిది. కోటు తొడుక్కుంటూ వచ్చి నా భుజం మీదనుంచి వంగి ఇవేమిటి అన్నారు. చెప్పాను, నాయిన, బండి, పార, అంతా చెప్పాను. ఆయనకి ముచ్చటేసింది. చదువు ఎక్కడైనా దొరుకుతుంది, ఇలాంటి కన్ను ఎక్కడ దొరుకుతుంది అని సంతకం పెట్టేశారు. సోమవారం కాఫీ దగ్గర అందరికీ చెప్పారు, రైతు కూతురు రైతు కూతురే అని. పొగడ్త అంటే ఎవరికి చేదు, ఆ సాయంత్రమే రైల్లోంచి నాయినకి ఫోన్ చేశాను. "ఆడ గూడ పెంట తోల్తరా బిడ్డా?" అని నాయిన పగలబడి నవ్వాడు. తరవాత అన్నాడు, "అడుగులు లెక్క వెట్టినవా మరి? కుప్ప కుప్పకు తొమ్మిదడుగులుండాలె. తేడా ఉంటే ఎవడో పని రానోడు పోసినట్టు." ఎనభై ఏళ్ళ కిందటి జర్మనీ పెంటకి అడుగులు లెక్కపెట్టమంటావా అని నేనూ నవ్వాను. నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తుంది, రైలు చప్పుడుతో సహా.

రెండో పేరు, పైలట్‌ది, ఇరవై మూడేళ్ళు, వీళ్ళందరిలోకీ పెద్దవాడు. బాకా. తల వంచాను. అక్షయ బూట్లకి మట్టి, మోనికా కోటుకి అంటుతోంది. "కాళ్ళు కిందికి పెట్టు తల్లీ," అని తెలుగులో అంటే "నైన్, మోనీ" అని, వద్దంటూ జర్మన్‌లోనే ఎదురుచెప్పింది. మోనీ అంటే దానికి ప్రాణం. మోనికా పనిచేసే కీటాలో, అదే పసిపిల్లల బడిలో, మొదటి వారం అది గుక్కపట్టి ఏడిస్తే మోనికా దాన్ని చంకనేసుకునే మిగతా పిల్లలకి అన్నాలు పెట్టింది. మేం ఈ ఊళ్ళో ఇల్లు తీసుకుంది కూడా ఈ కీటాలో సీటు దొరికిందనే. ఆ సెప్టెంబరు పొద్దున నేను ఇంటినుంచే పని చేస్తున్నాను. తొమ్మిదిన్నరకి కిటికీ అద్దాలు అదిరాయి, కప్పులో టీ తొణికింది. ఊళ్ళో అందరికీ ఆ క్షణం ఎక్కడున్నారో గుర్తుంది. మోనికా పదిహేనుమంది పిల్లల మధ్య గచ్చు మీద కూచుని ఉంది. పిల్లలు ఏడుపు మొదలుపెడితే, ఉరుము, అంతే, పైన మబ్బులు గుద్దుకున్నాయి, భయం లేదు అని చెప్పి పాట ఎత్తుకుందట. సాయంత్రం అక్షయే చెప్పింది నాకు, మోనీ ఉరుమని చెప్పింది, కానీ ఎండ కాస్తోంది కదమ్మా అని. కాలవ తవ్వుతుంటే బాంబు పేలింది, తవ్వే యంత్రం నడుపుతున్నది యోర్గ్. శవపేటిక మోసినవాళ్ళకి బరువులో తేడా తెలియకూడదని లోపల ఇసక పోశారని ఊళ్ళో అనుకున్నారు. నేను ఆ పెట్టె వెనక నడిచాను, అన్నం వండి మూడు వారాలు మోనికా ఇంటికి పంపాను, ఆవిడ ప్రతిసారీ డబ్బా కడిగి, అందులో ఏదో ఒక పండు పెట్టి తిప్పి పంపింది.

విచారణ జరిగింది. ఫోటో చూశారా అని అడిగారు, చూశాం అన్నాం, నియమం ప్రకారం ఇద్దరు చూశారా, ఇద్దరం చూశాం, సంతకాలు ఉన్నాయి. ఎవరి తప్పూ లేదు, ఫోటోలకి అందని ప్రమాదం కొంత ఎప్పుడూ మిగిలే ఉంటుంది అని తేల్చారు. మన కాగితం శుభ్రంగా ఉంది అన్నారు బ్రాంట్ గారు, నా కళ్ళలోకి చూడకుండా. ఆయన మళ్ళీ ఆ ఫోటో తెరిచారో లేదో నాకు తెలియదు. నేను తెరవలేదు. తెరవకుండా ఉండటం కూడా ఒక పనే, రోజూ చెయ్యాలి, సెలవుల్లేవు. ఎవరైనా యోర్గ్ పేరెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను లేచి నీళ్ళు తెస్తానంటూ వంటింట్లోకి పోయేదాన్ని. తెరవనంతకాలం అవి పదకొండు కుప్పలే.

మూడు వారాల కిందట మాస్టారు ఫోన్ చేశారు. సభకి కరపత్రం వేస్తున్నాం, విమానం పడిన పొలం పైనుంచి ఎలా ఉండేదో జనానికి చూపిద్దాం, మీ దగ్గర పాత ఫోటో ఏదైనా ఉంటుందా చంద్రికా అని. ఉంటుంది అన్నాను, లేదనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి, ఒక్క మాట. ఉంటుంది అనే వచ్చింది నోట్లోంచి. తెరిచాను. నీడ నా వైపు పడేలా తిప్పాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ప్రతిదానికీ ఎండ వైపు తెలుపు, అవతల నలుపు, కుప్పలు. ఆరోది తిరగబడి ఉంది. ఎండ వైపే నలుపు. అది కుప్ప కాదు. ఆ తరవాత ఏడు, ఎనిమిది, మళ్ళీ కుప్పలే. అప్పుడు కొలిచాను. అన్నిటి మధ్యా ఒకటే దూరం, అయిదుకీ ఆరుకీ మధ్య మాత్రం అందులో సగం, ఆరుకీ ఏడుకీ మధ్య సగం. పది కుప్పలు పోసి పోయాడు ఆ రైతు, కొలిచినట్టు, పని వచ్చినవాడు. బొక్క అంతకుముందే అక్కడ ఉంది, పెంట తోలే తొందరలో అతనూ చూసుకోలేదు. నాయిన అడిగిన తొమ్మిదడుగులు లెక్కపెట్టి ఉంటే రెండు నిమిషాల పని. నన్ను గొప్పదాన్ని చేసిన పెంటకే నాయిన అడుగులు లెక్కపెట్టమంటే నేను వినలేదు.

మూడో పేరు. చదువుతున్నది ఊళ్ళో రొట్టెల కొట్టాయన, ఇంగ్లీషు పేరు నోరు తిరక్క రెండుసార్లు చదివాడు. నాకింకా రెండు. కరపత్రానికి ఫోటో కత్తిరించి పంపొచ్చు, ఆ వరస రాకుండా, గట్టు మాత్రమే వచ్చేలా. కత్తెర గుర్తు మీద వేలు పెట్టుకుని అరగంట కూచున్నాను. కత్తిరించకుండానే పంపాను. ఎందుకంటే చెప్పలేను. దొరికిపోవాలని కొంత, దొరకననే ధైర్యం కొంత. మాస్టారు మాకున్న సూత్రం తెలియని మనిషి, ఉత్తరం పైకి పెట్టి అచ్చు వేయించారు, అంటే నీడలన్నీ తలకిందులు. ఇప్పుడు అరవైమంది ఒళ్ళో ఆ పదకొండు చుక్కలు ఉన్నాయి, కొందరు ముక్కు చీది మడిచి జేబులో పెట్టుకుంటున్నారు, ఇంగ్లండు పెద్దాయన వాటితో విసురుకుంటున్నాడు, ఈ చలిలో విసురుకోవడమేమిటో.

నిన్న కౌశల్‌కి చెప్పాను. మొగుడికైనా చెప్పకపోతే ఛాతీ పగిలేలా ఉంది. వాడు లాప్‌టాప్ మూసేశాడు. "ఎవ్వరికన్న చెప్పినవా?" అన్నాడు. లేదన్నాను. "చెప్పకు. చెప్తే ఏమొస్తది చెప్పు? లేసొస్తడా ఆయన? గురువారం టెర్మిన్ ఉంది, వీసా ఆఫీసుల రమ్మన్నరు. నాలుగేండ్ల సంది దీనికోసమే గదా చూస్తున్నం, పర్మనెంట్ రెసిడెన్స్. అది చేతికొచ్చినంక చెప్పు, ఎవ్వనికన్న చెప్పు, నేను గూడ వస్త నీతోని." వాడు చెడ్డవాడు కాదు. నా ఉద్యోగం పోతే, కేసు అయితే, అక్షయ ఏమవుతుంది అన్నాడు, అదీ నిజమే. గురువారం దాకా నాలుగు రోజులు. ఆ తరవాత ఏదో ఇంకో గురువారం వస్తుంది, ఇల్లు కొనే లోను, పాస్‌పోర్టు, అక్షయ బడి. నాకు నా సంగతి తెలుసు. అడుసు తొక్కాక కాలు కడుక్కోకుండా తిరగడం ఎలాగో పద్నాలుగు నెలల్లో బాగా వచ్చేసింది. ఇవాళ వాడు రాలేదు. నేను మోనికా మొహం చూడలేనే అన్నాడు.

పాస్టరు క్షమ గురించి మాట్లాడుతున్నాడు. ఈ కుర్రాళ్ళు ఇంటికి పోవాలనుకున్నారు, మనలాగే భయపడ్డారు, ఈ రోజు మనం వాళ్ళని మన మట్టిలో మనవాళ్ళుగా తీసుకుంటున్నాం అంటున్నాడు. మంచి మాటలే. చచ్చి ఎనభై ఏళ్ళయినవాణ్ణి క్షమించడం తేలిక పాస్టరు గారూ, వాడు వచ్చి మీ పక్క కుర్చీలో కూచుని మీ దుప్పటి కప్పుకోడు. పోయిన నెల మోనికా ఈ రాయి పెట్టే కమిటీని ఒక మాట అడిగింది, రాయి కింద చిన్న అక్షరాలతో యోర్గ్ పేరు కూడా వేస్తారా, అదే రాత్రి పడ్డ బాంబు కదా అని. కమిటీలో ఎవరో అన్నారట, యుద్ధం 1945లో అయిపోయింది మోనికా, అది పని ప్రమాదం అని. ఆవిడ మళ్ళీ అడగలేదు. కేకు చేస్తానని పేరిచ్చింది. పిక్‌ఫర్డూ, నీకు రాయి ఉంది, దండ ఉంది, నీకోసం సముద్రం దాటి వచ్చినవాళ్ళున్నారు. నీకు కిందనున్నది కనబడలేదు, చీకటి, పొగ, కింద మంట. నాకు వెలుతురు ఉంది, కాఫీ ఉంది, ఎంతసేపైనా చూసే తీరిక ఉంది. మన ఇద్దరిలో క్షమ ఎవరికి దొరకాలో పాస్టరుని అడుగుదామా?

నాలుగో పేరు. రేడియో చూసుకునేవాడు, పంతొమ్మిదేళ్ళు. బాకా ఆగింది. ఇప్పుడు ఇంగ్లండు పెద్దావిడ రెండు మాటలు మాట్లాడుతుంది, ఆ తరవాత నేను. చేతిలో కాగితం తడిసింది, మంచుకో చెమటకో. పక్కన అక్షయ విసుగెత్తి మోనికా చేతిలో కరపత్రం లాక్కుంది. మోనికా దాన్ని అక్షయ మోకాళ్ళ మీద పరిచి నా వైపు వంగింది.

"నువ్వు చదవగలవు కదా వీటిని. మనం ఎక్కడ కూచున్నాం ఇందులో?"

చూపించాను. ఈ రోడ్డు, ఈ గట్టు, ఈ చెట్లు.

"మరి యోర్గ్?" అంది. మామూలుగానే అడిగింది, స్టేషన్ ఎక్కడ అని అడిగినట్టు. "నాకు ఆ స్థలం తెలుసు, కానీ పైనుంచి ఎప్పుడూ చూడలేదు."

అక్షయ ఊరుకోదు కదా, చుక్కలు కనబడితే లెక్కపెట్టడం మోనికాయే నేర్పింది. ఐన్స్, త్స్వై, డ్రై అంటూ చిట్టివేలు చుక్కమీదనుంచి చుక్కమీదికి వేస్తోంది. మోనికా చూపు ఆ వేలి వెంటే పోతోంది. ఎల్ఫ్, పదకొండు దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చింది పిల్ల. ఈసారి మోనికా దాని వేలు పట్టుకుని ఆపింది.

"ఇవన్నీ గుంటల్లా ఉన్నాయి. ఇదొక్కటే పైకి ఉన్నట్టుంది. ఇదెందుకు వేరుగా ఉంది?"

ఆరోది. నలభై ఏళ్ళు పిల్లల బొమ్మలు చూసిన కళ్ళు. ఎమ్మెస్సీ లేదు, సూత్రం తెలియదు, తలకిందుల ఫోటో, అయినా పది సెకన్లు. ఇంగ్లండు పెద్దావిడ మాటలు అయిపోతున్నాయి, చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియడం లేదు. గురువారం. నాలుగు రోజులు. చెట్టు అనొచ్చు. గడ్డివాము అనొచ్చు. ఫోటో పాతది, మరక అనొచ్చు, నమ్ముతుంది, ఆవిడ నేనేం చెప్పినా నమ్ముతుంది.

"అదే," అన్నాను. "యోర్గ్ అక్కడే."

మోనికా కరపత్రాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. చాలాసేపు చూసింది. ఆవిడ ఊపిరి కాగితం మీద పడి పొగలా లేస్తోంది.

"అయితే ఇది కనబడుతోంది కదా," అంది. "నాకే కనబడుతోంది. ఎవరూ చూడలేదా దీన్ని?"

"నేను చూశాను. నా పని అది. పెంటకుప్ప అని రాసింది నేనే."

మైకులో మాస్టారు నా పేరు పిలిచారు. ఫ్రావ్ బండారి. ఆయన నోట్లో ఎప్పుడూ బండరీ అవుతుంది. లేచాను. దుప్పటి జారి నేలమీద పడింది, వంగి తియ్యాలని కూడా తోచలేదు. కుర్చీల మధ్యనుంచి రాయి దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టాను, ఇప్పుడు, బుద్ధిగా, ఒక్కటీ వదలకుండా, చేతులు కాలాక. ఇరవై ఏడు. కాగితం విప్పి చదివాను. సార్జెంట్ లెస్లీ పిక్‌ఫర్డ్. బాంబులు విడిచే పని. ఇరవై ఒక్క ఏళ్ళు. గొంతు ఎక్కడా తడబడలేదు, అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. బాకా మోగింది, అరవై తలలు వంగాయి. ఒక్క తల వంగలేదు. మోనికా నన్నే చూస్తోంది. పిల్ల ఇంకా ఆవిడ ఒళ్ళోనే ఉంది, ఆవిడ చేతులు దాని నడుం చుట్టూ అలాగే ఉన్నాయి, బిగించలేదు, వదల్లేదు.

ఖాళీగా ఉన్నది నా కుర్చీ ఒక్కటే, ఆవిడ పక్కన. వెనక నిలబడొచ్చు, షెడ్డు వైపు పోవచ్చు, అక్షయని పిలిచి ఇంటికే పోవచ్చు. ఇరవై ఏడు అడుగులు వెనక్కి నడిచి వచ్చి అక్కడే కూచున్నాను. మోనికా నా వైపు తిరగలేదు. కరపత్రాన్ని రెండుగా, నాలుగుగా మడుస్తోంది, మడతలు గోటితో గట్టిగా నొక్కుతోంది.

"రేపు వెళ్ళి చెప్తావు ఆ విచారణ చేసినవాళ్ళకి," అంది రాయి వైపే చూస్తూ. "నీ నోటితో నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

రేపు సోమవారం. తల ఊపాను, ఆవిడ చూసిందో లేదో తెలియదు. ఆరో మనిషి మైకు దగ్గరికి నడుస్తున్నాడు. అక్షయ ఆవిడ ఒళ్ళోంచి నా మీదికి వాలి, చల్లటి చెయ్యి నా చెంపకి ఆనించింది.

"ఫెర్టిష్, అమ్మా? అయిపోయిందా?"

"లేదు తల్లీ," అన్నాను. "ఇంకా రెండు పేర్లున్నాయి."